ఎగ్జిమా ఉన్న బిడ్డకు నీళ్లు ఎలా పోయాలి

(అనంతపురంలో తల్లులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల కోసం జరిగిన సమావేశంలో ఒక చర్మవైద్యురాలి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పసిబిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు. బిడ్డ ఏడిస్తే మొహమాటపడకుండా లేచి వెళ్లండి, ఊరుకున్నాక మళ్లీ రండి. అర్థం కానిచోట నన్ను మధ్యలోనే ఆపి అడగండి.

ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి, దురద పెట్టే జబ్బు. అది ఉన్న బిడ్డను ఓపీకి తీసుకొచ్చే తల్లి, నేను ఏమీ అడక్కముందే చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. "రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను మేడం. సబ్బు పెట్టి బాగా రుద్దుతున్నాను. నీళ్లలో యాంటీసెప్టిక్ ఒక మూత కలుపుతున్నాను. అయినా తగ్గట్లేదు." అలా చెప్పేటప్పుడు ఆమె గొంతులో భయం వినిపిస్తుంది. బిడ్డను శుభ్రంగా పెట్టుకోవడం రాదా అని నేను కూడా ఎక్కడ అనేస్తానో అని. ఆ మాట ఇంట్లోవాళ్లు అప్పటికే అనేసి ఉంటారు. వీధిలోవాళ్లు తమ పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా లాక్కుని ఉంటారు. బడికి పోయే బిడ్డయితే వేరే బెంచీలో కూర్చోబెట్టి ఉంటారు. ఆ నింద పోవాలని ఆ తల్లి ఇంకొంచెం గట్టిగా రుద్దుతుంది, ఇంకొంచెం ఘాటు సబ్బు కొంటుంది. దాంతో చర్మం ఇంకా పగులుతుంది.

అందుకే అన్నిటికన్నా ముందు ఈ సంగతి చెప్తున్నాను, ఆశా అక్కలు ప్రతి ఇంట్లోనూ చెప్పాలని కోరుతున్నాను. ఎగ్జిమా మురికి వల్ల రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మురికి వల్ల రాని జబ్బు ఎంత కడిగినా పోదు. పైగా మనం కడిగే తీరు వల్లే చాలామంది పిల్లల్లో అది ముదురుతోంది. ఆ కడిగే తీరు మార్చుకోవడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఇది ఎలా ఉంటుందో మీకు తెలుసు. పసిబిడ్డలకు బుగ్గల మీద, నుదుటి మీద ఎర్రగా గరుకుగా మొదలవుతుంది. కాస్త పెద్దయ్యాక మోచేతి మడతల్లో, మోకాలి వెనక, మెడ దగ్గర, మణికట్టు దగ్గర వస్తుంది. రాత్రిళ్లు దురద ఎక్కువ. దుప్పటి మీద రక్తపు చుక్కలు కనపడతాయి. చాలాసార్లు ఇంట్లో ఎవరికో ఒకరికి ఆయాసమో, పొద్దున లేవగానే వరసగా తుమ్ములు వచ్చే అలర్జీయో ఉంటుంది. వంశంలో నడిచే గుణం ఇది. 2006లో స్కాట్లండ్‌లోని డండీ పరిశోధకులు దీని వెనక ఉన్న ఒక ముఖ్యమైన జన్యులోపాన్ని బయటపెట్టారు. మన చర్మం పైపొరలో ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది విరిగి, చర్మంలో తేమను పట్టి ఉంచే పదార్థాలుగా మారుతుంది. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. వాళ్ల చర్మం తేమను నిలుపుకోలేదు. ఎగ్జిమా ఉన్న అందరికీ ఈ లోపం ఉండదు, ఈ లోపం ఉన్న అందరికీ ఎగ్జిమా రాదు. కానీ చర్మం పైపొర బలహీనంగా ఉండటం మాత్రం ఈ జబ్బులో అందరికీ ఉన్నదే.

ఆ పైపొర ఎలా ఉంటుందో మన పాత మట్టి మిద్దెను గుర్తుచేసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. దూలాల మీద బండలో చెక్కలో పరిచి, పైన మట్టి వేసి, దాని మీద చౌడు పరుస్తారు. వాన నీళ్లు లోపలికి దిగకుండా ఆపేది ఆ చౌడు. చర్మంలో కూడా చచ్చిన కణాలు పదిహేను ఇరవై వరసలుగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య కొవ్వులు నిండి ఉంటాయి. ఆ కొవ్వుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి దుమ్మూ సూక్ష్మజీవులూ లోపలికి రాకుండా ఆపేవి అవే. ఈ మొత్తం పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. అరచేతులు, అరికాళ్లు తప్ప ఒళ్లంతా ఇంత పల్చని పొరే మనల్ని కాస్తోంది. ఎగ్జిమా ఉన్నవాళ్లకు దాంట్లో కొవ్వులు తక్కువ. మనం సబ్బు పట్టుకుని ఆ మిగిలిన కాస్తా రోజూ రెండుసార్లు కడిగేస్తున్నాం.

సబ్బు చేసే పని జిడ్డును పట్టుకుని నీళ్లలో కలిపేయడం. చెమట జిడ్డు ఏదో, చర్మం తనకోసం దాచుకున్న కొవ్వు ఏదో దానికి తేడా తెలియదు, రెండిటినీ తీసుకుపోతుంది. ఇక రెండో సంగతి. మన చర్మం పైభాగం కొంచెం పులుపు గుణంతో ఉంటుంది. పీహెచ్ లెక్కలో 4.5 నుంచి 5.5 మధ్య. ఆ లెక్కలో అంకె తగ్గితే పులుపు ఎక్కువని, 7 దాటితే పులుపుకు వ్యతిరేకమైన క్షారమని అర్థం. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి చేసే మామూలు సబ్బు ఏదైనా సరే, దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షారం. స్నానం చేశాక చర్మం తన పులుపు గుణాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మామూలు మనిషికే కొంతసేపు పడుతుంది. ఎగ్జిమా ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అది తేరుకునేలోపు సాయంత్రం స్నానం వచ్చేస్తుంది.

పీహెచ్ పెరిగితే ఏమవుతుంది? కొత్త కొవ్వును తయారుచేసే ఎంజైములకు పులుపు గుణం కావాలి, అది తగ్గితే వాటి పని మందగిస్తుంది. కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బంధాలను తెంచే ఎంజైములు కొన్ని ఉన్నాయి, క్షార గుణంలో వాటికి ఊపు వస్తుంది. అంటే కట్టేది ఆగిపోతుంది, కూలగొట్టేది జోరందుకుంటుంది. పైగా ఎగ్జిమా చర్మం మీద గుంపులు కట్టే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాకు కూడా పులుపు తగ్గిన చర్మమే అనుకూలం. చీము పొక్కులు తెచ్చిపెట్టేది ఎక్కువగా ఆ బ్యాక్టీరియానే. క్రిములు చంపాలని మనం పెట్టే సబ్బు, ఆ క్రిమికే చోటు సిద్ధం చేసి పెడుతోంది.

స్నానమయ్యాక బిడ్డ ఒంటిని అరచేతి వెనక భాగంతో తాకి చూడండి. చర్మం బిగుసుకుపోయి, వేలు ఆనిస్తే కిచుకిచుమంటే శుభ్రమైందని మనం సంతోషపడతాం. గిన్నె అయితే అలా ఉండాలి. చర్మం అలా ఉందంటే ఉండాల్సిన కొవ్వు పోయిందని అర్థం.

ఇప్పుడు అంగడికి పోయి సబ్బు కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను. అట్ట మీద ముందువైపు రాసేది ఏదీ చూడకండి. "బేబీ" అని ఉన్నా, "హెర్బల్" అని ఉన్నా, వేప బొమ్మ ఉన్నా, అద్దంలా మెరిసే గ్లిజరిన్ సబ్బు అయినా, చేసిన పద్ధతి మామూలు సబ్బు పద్ధతే అయితే అది క్షారమే. గ్లిజరిన్ సబ్బు కొంచెం తక్కువ ఎండబెడుతుంది, అంతవరకు నిజం. అట్ట తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు చదవండి. చదువుకునే పిల్లలతో చదివించండి. సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నెలేట్, సోడియం టాలోయేట్ అని మొదట్లోనే ఉంటే అది సబ్బు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటి పేరు మొదట ఉంటే అది సిండెట్. అంటే సబ్బు కాని శుభ్రపరిచే బిళ్ల. వాటి పీహెచ్ చాలావరకు 5.5 నుంచి 7 మధ్య ఉంటుంది. రెండూ కలిపి చేసినవి కూడా ఉంటాయి, అవి మధ్యరకం.

టీఎఫ్ఎం గురించి చాలామంది అడుగుతున్నారు. సబ్బులో ఉన్న కొవ్వు పదార్థం లెక్క అది. మన బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, పెట్టిన ప్రమాణం ప్రకారం గ్రేడ్ 1 టాయిలెట్ సోప్‌లో అది కనీసం 76 శాతం ఉండాలి, గ్రేడ్ 2లో 70, గ్రేడ్ 3లో 60. "బాతింగ్ బార్" అని రాసి ఉంటే కనీసం 40 చాలు. గ్రేడ్ 1 సబ్బు నాణ్యమైన సబ్బే, బరువు కోసం కలిపే పొడులు తక్కువ ఉంటాయి. అయినా అది సబ్బే. టీఎఫ్ఎం ఎక్కువైనంత మాత్రాన పీహెచ్ తగ్గదు. మామూలు చర్మం ఉన్నవాళ్లకు అది మంచి కొలత, ఎగ్జిమా ఉన్నవాళ్లకు చాలదు. ఇంకో చిక్కు ఏమిటంటే కొన్ని సిండెట్ బిళ్లల మీద కూడా "బాతింగ్ బార్" అనే రాసి ఉంటుంది. అందుకే వెనక పేర్లు చదవమంటున్నాను.

ద్రవరూపంలో వచ్చే బాడీ వాష్ అన్నంత మాత్రాన మృదువని అనుకోవద్దు. సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్నవి వద్దు. ఆ రసాయనం ఎంత ఘాటంటే, చర్మానికి కావాలని మంట పుట్టించి పరీక్షలు చేసే పరిశోధకులు వాడేది దాన్నే.

క్రిమిసంహారక సబ్బుల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 2016లో అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ, ట్రైక్లోసాన్‌తో సహా 19 క్రిమిసంహారక రసాయనాల్లో ఏది ఉన్నా ఆ యాంటీబ్యాక్టీరియల్ సబ్బులను అక్కడి మార్కెట్ నుంచి తీసేయమంది. మామూలు సబ్బూ నీళ్ల కన్నా ఇవి ఎక్కువ మేలు చేస్తాయని కంపెనీలు రుజువు చూపలేదని కారణం చెప్పింది. బకెట్లో యాంటీసెప్టిక్ మూత కలపడం కూడా ఈ పిల్లలకు మంటే తప్ప మందు కాదు. ఆ అలవాటు ఈరోజే ఆపండి.

మన జిల్లా నీళ్ల గురించి ఇప్పుడు. ఇది విడిగా చెప్పుకోవాల్సిన సంగతి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. చాలా ఊళ్లలో స్నానానికి బోరు నీళ్లే దిక్కు. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. హీటర్ కాయిల్ మీద తెల్లగా పెచ్చు కట్టేది అదే. ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాదని మీరంటారు కదా, అప్పుడు ఇంకా ఎక్కువ సబ్బు రుద్దుతారు. ఆ కాల్షియం సబ్బుతో కలిసి విరిగిన పాలలాగా తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున వేలితో గీస్తే జిగటగా వచ్చేది అదే. ఆ తెట్టు బకెట్‌కు మాత్రమే అంటుకోదు, బిడ్డ మోచేతి మడతలో కూడా అంటుకుంటుంది. ఎన్ని చెంబులు పోసినా పూర్తిగా పోదు. తాగేనీళ్లలో మొత్తం కాఠిన్యం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చని బీఐఎస్ చెప్తుంది. మీ ఊరి బోరు నీళ్లు ఎంత ఉన్నాయో పంచాయతీలో నీటి పరీక్ష చేసినప్పుడు అడిగి తెలుసుకోండి.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు దీన్ని 2018లో పరీక్షించి చూపించారు. నీళ్లలో కాల్షియం పెరిగేకొద్దీ డిటర్జెంట్ చర్మం మీద ఎక్కువ మిగిలిపోయింది, మంట ఎక్కువైంది. ఫిలాగ్రిన్ లోపం ఉన్నవాళ్లకు మరీ ఎక్కువైంది. అయితే దీన్ని విని వేలకు వేలు పోసి నీళ్లను మెత్తబరిచే మెషీన్ కొనకండి. 2011లో అక్కడే 336 మంది ఎగ్జిమా పిల్లల ఇళ్లలో అలాంటి మెషీన్లతో పరీక్ష చేశారు. 12 వారాల తర్వాత చూస్తే, జబ్బు తీవ్రతలో మెషీన్ ఉన్న ఇళ్లకూ లేని ఇళ్లకూ తేడా రాలేదు. కాబట్టి నీళ్లు మార్చలేకపోయామని బాధపడకండి. మార్చగలిగేది సబ్బు. సిండెట్ బిళ్ల ఉప్పు నీళ్లలో కూడా అలా తెట్టు కట్టదు. మంచినీళ్ల కొళాయి వచ్చే ఇళ్లలో చివరి రెండు చెంబులు ఆ నీళ్లు పోస్తే చాలు.

సిండెట్ ధర మామూలు సబ్బుకు కొన్ని రెట్లు ఉంటుంది. కూలికి పోయే ఇంట్లో అది ప్రతి నెలా కుదరదని నాకు తెలుసు. కుదరకపోతే ఇలా చేయండి. చంకలు, గజ్జలు, పాదాలు, మలమూత్రాలు తగిలే చోట్లు. ఇక్కడ మాత్రం సబ్బు వాడండి. చేతులు, కాళ్లు, వీపు, పొట్ట, ముఖం, వీటికి వట్టి నీళ్లు పోయండి. చెమటలోని ఉప్పు వట్టి నీళ్లకే కరిగిపోతుంది, దుమ్ము నీళ్లకే పోతుంది. బడిలో ఆడుకుని మట్టి కొట్టుకుని వచ్చిన రోజు ఆ మోకాళ్లకు కాస్త పెట్టండి, అంతే. సబ్బులో మిగిలిన డబ్బుతో వ్యాసెలిన్ డబ్బా కొనండి. నన్ను అడిగితే ఖరీదైన క్లెన్సర్ కన్నా ఒంటికి రాసేదాని మీద పెట్టిన రూపాయే ఎక్కువ పని చేస్తుంది. క్లెన్సర్ నిమిషంలో కాలువలో కలిసిపోతుంది, రాసింది ఒంటి మీద ఉంటుంది.

*సభలో ఒక పెద్దావిడ:* మా కాలంలో సబ్బులెక్కడివి? సున్నిపిండి, కుంకుడుకాయ. అవి వాడొచ్చా అమ్మా?

మంచి ప్రశ్న అడిగినావు అవ్వా. కుంకుడుకాయ రసం సబ్బులా క్షారం కాదు, కొంచెం పులుపు వైపే ఉంటుంది. తలకు వాడుకోవచ్చు. కానీ దాంట్లో ఉన్న నురగ పదార్థం కూడా జిడ్డు తీసేదే. పగిలిన చర్మం మీద, కళ్లలో పడితే బాగా మండుతుంది. అందుకని ఎగ్జిమా బిడ్డకు తలంటేటప్పుడు బిడ్డ తల వెనక్కి వంచి పోయండి, ఆ రసం మెడ మీదుగా, మోచేతి మడతల మీదుగా కారనివ్వకండి. షాంపూకూ ఇదే మాట.

సున్నిపిండి విషయంలో రెండు భయాలున్నాయి. ఒకటి రుద్దుడు. ఆ పిండి నలుగు పెట్టి మట్టి రాలేదాకా రుద్దుతాం. రాలేది మట్టి కాదు, పైపొర. బీరపీచు, నైలాన్ పీచు, రాయి అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. రెండోది కొంచెం జాగ్రత్తగా వినండి. పగిలిన చర్మం మీద తిండి పదార్థాలు రాస్తే, ఒళ్లు ఆ తిండినే శత్రువుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ముఖం సబ్బు ఒకటి అమ్మారు. అది వాడినవాళ్లలో 2 వేల మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది. అంతకుముందు హాయిగా రొట్టె తిన్నవాళ్లు, తర్వాత తింటే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం. 2011లో ఆ సబ్బును వెనక్కి తీసుకున్నారు. మన శనగపిండి, పెసరపిండి అంత పని చేశాయని నేను అనడం లేదు. బాగున్న చర్మం ఉన్న బిడ్డకు పండగపూట నలుగు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. పగుళ్లు, గీరిన గాట్లు ఉన్న చోట మాత్రం పిండి, పాలు, పెరుగు, మీగడ ఏదీ వద్దు.

ఇదే కారణంతో వేరుశనగ నూనె గురించి చెప్పాలి. అనంతపురంలో శనక్కాయ నూనె గురించి మాట్లాడితే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, మన పొలాల పంట అది. వంటకు బంగారంలా వాడుకోండి. ఎగ్జిమా బిడ్డ ఒంటికి మాత్రం రాయకండి. 2003లో ఇంగ్లండ్‌లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల్లో, పసితనంలో ఆ నూనె కలిసిన క్రీములు పూసినవాళ్లు ఎక్కువగా కనపడ్డారు. అలర్జీ మాట పక్కన పెట్టినా, దాంట్లో ఒలీయిక్ ఆమ్లం ఎక్కువ, చర్మంలోని కొవ్వు అమరికను అది చెదరగొడుతుంది. బాలింతకు కానుకగా ఇచ్చే ఖరీదైన ఆలివ్ నూనెలో అది ఇంకా ఎక్కువ. 2013లో ఆలివ్ నూనెను పెద్దవాళ్ల చేతుల మీద పరీక్షించి, పైపొరను అది బలహీనం చేస్తుందని చూపించారు. నూనె రాయాలనుంటే కొబ్బరి నూనె రాయండి. 2014లో ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద చేసిన పరీక్షలో, వర్జిన్ కొబ్బరి నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ కన్నా బాగా పనిచేసింది. సువాసన కలిపింది కాకుండా మామూలు కొబ్బరి నూనె తీసుకోండి.

వేపాకు నీళ్లు అడుగుతారు. గోరువెచ్చగా, పల్చగా ఉంటే చాలామందికి హాని ఉండదు. వేపాకు ముద్ద, పసుపు ముద్ద పట్టించి ఆరబెట్టడం మాత్రం వద్దు. ఆరేటప్పుడు చర్మాన్ని లాగేస్తుంది.

పసిబిడ్డలకు నీళ్లు పోసే అవ్వలతో ఒక మాట. బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని మీరు పోసే నేర్పు నాకు లేదు, ఆ నేర్పు మీద నాకు చాలా గౌరవం. రెండే మార్పులు అడుగుతున్నాను. నీళ్ల వేడి తగ్గించండి. మీ చేతులు ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర కాగినవి, వాటికి వెచ్చగా తోచేది బిడ్డకు కాలుతుంది. మణికట్టు లోపలి వైపు పోసి చూసుకోండి, వేడీ చల్లనా తెలియకుండా ఉండాలి. వేడినీళ్లు కూడా కొవ్వును కరిగించి తీసుకుపోతాయి, తర్వాత దురద రేపుతాయి. ఇక సాంబ్రాణి పొగ. ఎగ్జిమా ఉన్న బిడ్డల్లో చాలామందికి ఆయాసం వచ్చే గుణం కూడా ఉంటుంది, పొగ వాళ్లకు పడదు. దయచేసి మానేయండి. అప్పుడే పుట్టిన బిడ్డకైతే కనీసం 24 గంటలు ఆగి నీళ్లు పోయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అది మీ ఊళ్లో బాలింతలందరికీ చెప్పండి.

స్నానం ఎలా చేయించాలో ఇప్పుడు చెప్తాను. స్నానం మాన్పించమని కొందరు చెప్తారు, అది కూడా తప్పే. చెమట, దుమ్ము, చర్మం మీద చేరిన బ్యాక్టీరియా రోజుకొకసారి కడుక్కుపోవాలి. మన ఎండాకాలంలో రెండోసారి కూడా వట్టి నీళ్లతో పోయొచ్చు. ఐదు నిమిషాలు, మహా అయితే పది. స్నానాల గదిలోకి బిడ్డను తీసుకుపోయేముందే తువ్వాలు, రాసే క్రీమ్ మూత తీసి బయట పెట్టుకోండి. నీళ్లు పోయడం అయిపోగానే మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దండి, తుడవకండి. పాత పంచె, పాత చీర ముక్క కొత్త టవల్ కన్నా మేలు. ఒళ్లు పూర్తిగా ఆరకముందే, చెయ్యి పెడితే ఇంకా చెమ్మ తగులుతుండగానే రాసేయాలి. మూడు నిమిషాల లోపు అని గుర్తుపెట్టుకోండి. ఆలస్యమైతే చర్మం మీదున్న నీళ్లు ఆవిరవుతూ లోపలి తేమను కూడా తీసుకుపోతాయి. ఆషాఢం గాలుల్లో, సంక్రాంతి చలిలో మన ఊళ్లో ఒళ్లు ఎంత త్వరగా ఆరిపోతుందో మీకు చెప్పక్కర్లేదు. వెంట్రుకలు పెరిగే వైపుకే, పైనుంచి కిందికి రాయండి. మర్దన చేయకండి.

ఎంత రాయాలి? ఇక్కడే అందరూ పొదుపు చేస్తారు. వారానికి 250 గ్రాముల దాకా పడుతుంది చిన్నపిల్లలకైనా, ఒళ్లంతా పొడిగా ఉంటే. చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే రాయడం లేదనే అర్థం. తేమ ఆపడంలో అన్నిటికన్నా గట్టిది పెట్రోలియం జెల్లీ, అంటే ఇందాక చెప్పిన వ్యాసెలిన్ లాంటిది, చవక కూడా. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అది పూస్తే చెమటకాయలు వస్తాయి, జిడ్డని పిల్లలు ఏడుస్తారు. అప్పుడు పగలు పల్చటి క్రీమ్, రాత్రి పడుకునేటప్పుడు బాగా పొడిగా ఉన్నచోట జెల్లీ రాయండి. వాసన వచ్చేది ఏదీ వద్దు.

నీళ్లలో కలిపే స్నానపు నూనెలు అమ్ముతారు. బ్రిటన్‌లో 482 మంది పిల్లల మీద ఏడాది పాటు చూసి, వాటివల్ల అదనపు లాభం లేదని 2018లో తేల్చారు. ఆ డబ్బు మిగుల్చుకోండి. అలాగే, పుట్టినప్పటి నుంచి రోజూ క్రీమ్ రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపొచ్చా అని 1,394 మంది పసిబిడ్డల మీద పరీక్షించారు. ఆగలేదని 2020లో ఫలితం వచ్చింది. కాబట్టి "నువ్వు ముందునుంచీ రాసి ఉంటే వచ్చేది కాదు" అని ఏ తల్లినీ ఎవరూ అనకూడదు. వచ్చాక అదుపులో పెట్టడానికి మాత్రం క్రీమ్ తప్పనిసరి.

మందుల గురించి ఎక్కువ మాట్లాడను, అవి మనిషిని చూసి రాసేవి. ఎర్రబడి, దురద రేగినప్పుడు స్టెరాయిడ్ పూతమందు కావాలి, డాక్టరు చెప్పిన బలం, చెప్పిన రోజులు వాడితే దానికి భయపడక్కర్లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మూడు నాలుగు మందులు కలిపిన క్రీములు మాత్రం వద్దు. గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో మానినట్టు పాకే మచ్చ ఫంగస్ కావచ్చు. దానికి స్టెరాయిడ్ పూస్తే పైకి తగ్గినట్టు కనపడి లోపల పాకుతుంది. రాత్రిళ్లు ఇంట్లో అందరికీ దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే గజ్జి అని అనుమానించాలి. ఇవి రెండూ అంటుకుంటాయి. వీటికీ ఎగ్జిమాకూ తేడా తెలియక ఎగ్జిమా బిడ్డను దూరం పెడుతున్నారు.

*ఒక అంగన్‌వాడీ టీచర్:* నాకు చేతులకే వస్తుంది మేడం. బోకులు తోమి, పిల్లల చేతులు కడిగి, వేళ్లు పగిలిపోతాయి.

చేతి ఎగ్జిమా ఆడవాళ్లలో చాలా ఎక్కువ. తడిలో పని వల్ల వస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పౌడరు ఒంటి సబ్బు కన్నా ఎన్నో రెట్లు ఘాటు. వాటికి తోడు చింతపండు పిసకడం, టమాటా, వెల్లుల్లి ఒలవడం. తాడిపత్రి వైపు బండల పాలిషింగ్ పనికి, సిమెంటు పనికి పోయేవాళ్లకు కూడా ఇదే బాధ. మీరు చేయాల్సింది, రబ్బరు గ్లోవ్స్ లోపల పల్చటి నూలు గ్లోవ్స్ వేసుకోవడం. ఉత్త రబ్బరు వేసుకుంటే లోపల చెమటకు ఇంకా చెడుతుంది. ఇరవై నిమిషాలకు మించి వాటిని ఉంచుకోకండి. ఉంగరం తీసి పని చేయండి, సబ్బు దాని కిందే నిలిచిపోతుంది. చేతులకు మట్టి కనపడనప్పుడు, మాటిమాటికీ సబ్బుతో కడిగే బదులు గ్లిజరిన్ కలిసిన హ్యాండ్ శానిటైజర్ వాడండి. పగుళ్ల మీద చురుక్కుమంటుంది కానీ సబ్బంత ఎండబెట్టదు. అన్నం పెట్టేముందు, మరుగుదొడ్డికి పోయొచ్చాక సబ్బుతోనే కడగాలి, అక్కడ రాజీ లేదు. కడిగిన ప్రతిసారీ కాస్త క్రీమ్ రాసుకోండి. అంగన్‌వాడీ గదిలో సబ్బు పెట్టే దగ్గరే ఒక డబ్బా పెట్టుకుంటే మర్చిపోరు.

*వెనక నుంచి ఒక తల్లి:* మా పాప ఉరవకొండ దగ్గర హాస్టల్‌లో ఉంది. అక్కడ ఉప్పు నీళ్లు, అందరికీ ఒకటే సబ్బు. క్రీమ్ రాసుకుంటే పిల్లలు ఏమో అంటారని రాసుకోవడం లేదు.

పాప ఎంత చదువుతోందమ్మా? ఎనిమిదా. అయితే తనే చూసుకోగలదు. రెండు పనులు చేయండి. నా దగ్గరికి ఒకసారి తీసుకురండి, వార్డెన్‌కు ఇవ్వడానికి చీటీ రాసిస్తాను. ఇది అంటువ్యాధి కాదు, ఈ పాపకు వేరే సబ్బు, క్రీమ్ పెట్టుకోనివ్వాలి, స్నానానికి రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వాలి అని. పాపకు ఒక చిన్న డబ్బాలో సగం క్రీమ్ వేసి బడి సంచీలో పెట్టండి, పెద్ద డబ్బా పెట్టెలో ఉంచండి. బట్టలు ఉతికేటప్పుడు పౌడరు తగ్గించి, ఒకసారి ఎక్కువ జాడించమనండి. దుస్తుల్లో మిగిలిన పౌడరు చెమటకు కరిగి రోజంతా ఒంటికి రాసుకుంటుంది. ఇంకొకటి వార్డెన్‌కు చెప్పి పెట్టండి. ఎగ్జిమా ఉన్నచోట ఒక్కసారిగా నీటి పొక్కులు గుంపుగా లేచి, గుంటలు పడినట్టు పుండ్లయి, జ్వరం వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకూడదు. అది హెర్పిస్ వైరస్ కావచ్చు, అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకురావాలి.

మీ పాపను వచ్చే సెలవుల్లో తీసుకురామ్మా. ఇప్పుడు వాడుతున్న సబ్బు అట్ట, రాసుకునే క్రీమ్ ట్యూబ్ రెండూ సంచీలో వేసుకుని రా.